అమరిల్లిస్ గడ్డ ఏటా పూయాలంటే: విజయవాడ, గుంటూరు ఎండల్లో పెంపకం, పిలకలు విడదీయడం, మళ్లీ పూయించడం

నర్సరీలోనో ఆన్‌లైన్‌లోనో కొన్న అమరిల్లిస్ గడ్డ మొదటి ఏడాది అరచేయంత పూలు పూస్తుంది, రెండో ఏడాది నుంచి ఆకులు తప్ప ఇంకేమీ ఉండవు. మన వైపు మొక్కలు పెంచేవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే మాట. గడ్డ పాడైందనో, మన వేడి దానికి పడదనో అనుకుని ఆ కుండీలో ఇంకేదో పెట్టేస్తారు. గడ్డకి ఏమీ కాలేదండీ. ఆ మొదటి ఏడాది పూలు మనం పూయించినవి కావు. హాలండ్‌ నుంచి వచ్చే పెద్ద గడ్డల్లో మొగ్గ అక్కడి గ్రీన్‌హౌస్‌లోనే తయారైపోయి ఉంటుంది, మనం నీళ్లు పోసి బయటికి రప్పించామంతే. పూలమొగ్గ మన కంటికి కనిపించడానికి దాదాపు ఏడాది ముందే గడ్డ లోపల పొరల మధ్య పుడుతుంది, సుమారు నాలుగు ఆకులకి ఒక మొగ్గ లెక్కన. అంటే వచ్చే మార్చిలో పూలు చూడాలంటే ఈ జూన్ నుంచి అక్టోబరు దాకా ఆకులు నిండుగా, పచ్చగా ఉండాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు గడ్డ ఎంచుకోవడం

నర్సరీకి వెళ్లి ఉత్త "లిల్లీ గడ్డలు" అని అడగకండి. మన పూల మార్కెట్లో లిల్లీ అంటే దండల్లో కట్టే తెల్ల పూలు, ఆ గడ్డలే చేతిలో పెడతారు. అమరిల్లిస్ అనే అడగండి. వృక్షశాస్త్రంలో దీని పేరు హిప్పియాస్ట్రమ్, పుట్టిల్లు దక్షిణ అమెరికా. పాత ఇళ్ల ప్రహరీ పక్కన ఎవరూ పట్టించుకోకుండానే ఎండాకాలంలో ఎర్రగా, నారింజ రంగులో పూసే మొక్క కూడా ఈ జాతిదే. ఇది మన వాతావరణానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది, చావదు, పిలకలు కూడా విపరీతంగా పెడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పక్కింటావిడని అడిగి దీంతోనే మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. రెండు మూడేళ్లు చేయి తిరిగాక ఖరీదైన హైబ్రిడ్లు కొనుక్కోవచ్చు.

హైబ్రిడ్ గడ్డలు మన దగ్గర ఎక్కువగా చలికాలంలో అమ్ముతారు. కొనేటప్పుడు రంగు ఫోటో కన్నా సైజు చూడండి. వాళ్లు గడ్డ చుట్టుకొలత సెంటీమీటర్లలో చెబుతారు. 26 పైన ఉంటే ఒక పూలకాడ ఖాయం అనుకోవచ్చు, 30 దాటితే రెండు కాడలు వచ్చే అవకాశం బాగా ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా ఉండాలి. బొటనవేలితో మెడ దగ్గర నొక్కినప్పుడు మెత్తగా లోపలికి పోతే వద్దు. అడుగున వేర్లు ఎండి ఉన్నా ఫరవాలేదు కానీ బూజు, చెమ్మ, పులిసిన వాసన ఉంటే తీసుకోకండి. పై పొర గోధుమరంగు కాగితంలా ఊడిపోతుంటే అది మామూలే, భయపడక్కర్లేదు.

మట్టి, కుండీ, నాటడం

మన దగ్గర ఈ గడ్డలని చంపేది ఎండ కాదు, తడి. గుంటూరు వైపు నల్లరేగడి, కృష్ణ ఒడ్డున బంకగా ఉండే ఒండ్రు, రెండూ వానాకాలంలో నీళ్లు పట్టి ఉంచుతాయి, గడ్డ అడుగు నుంచి కుళ్లిపోతుంది. అందుకని పెరట్లో మట్టి తవ్వి నేరుగా కుండీలో నింపొద్దు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వీటిలో ఒక గుప్పెడు వేప పిండి కలిపితే సరిపోతుంది. కోకోపీట్ బదులు ఊక బూడిద కొంచెం వేసినా బాగానే ఉంటుంది. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద విచ్చిపోవాలి. ముద్దగానే ఉండిపోతే ఇంకాస్త ఇసుక కలపండి.

కుండీ మరీ పెద్దది వద్దు. గడ్డకీ అంచుకీ మధ్య చుట్టూ ఒక అంగుళం, మహా అయితే రెండు అంగుళాలు ఖాళీ ఉంటే చాలు. ఒక పెద్ద గడ్డకి 7 అంగుళాల కుండీ సరిగ్గా సరిపోతుంది. వీలైతే మట్టి కుండీ వాడండి, పక్కల నుంచి తేమ ఆరిపోతుంది కాబట్టి వానల్లో కుళ్లు తక్కువ. ప్లాస్టిక్ అయితే అడుగున చిల్లులు నాలుగైదు ఉండాలి, ఉన్నవి పెద్దవి చేయాలి.

గడ్డ నాటే ముందు ఎండిన వేర్లు కత్తిరించి, లీటరు నీళ్లలో 2 గ్రాములు సాఫ్ అనే బూజు, కుళ్లు మందు కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. గడ్డలో మూడో వంతు నుంచి సగం దాకా మట్టి పైకి కనిపించేలా నాటాలి. మెడ మట్టిలో కూరుకుపోతే పొరల మధ్యలోకి నీళ్లు దిగుతాయి. నేలలో పెట్టే పాత ఎర్ర రకానికి మాత్రం మెడ దాకా మట్టి ఉన్నా ఇబ్బంది లేదు, పైగా మే నెల ఎండకి గడ్డ కాలిపోకుండా ఆ మట్టే కాపాడుతుంది. నేలలో వేసేవాళ్లు జానెడు ఎత్తు కట్ట వేసి దాని మీద నాటండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు బెజవాడలో ఎన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయో మనకి తెలుసు. అలాంటి చోట ఉండేవాళ్లకి కుండీనే నయం.

నాటగానే ఒకసారి నిండా నీళ్లు పోసి, ఆ తర్వాత మొలక కనిపించే దాకా చేయి బిగబట్టుకోవాలి. పైన అంగుళం మట్టి ఎండితేనే కొద్దిగా, అంచు వెంబడి పోయాలి. వేర్లు లేని గడ్డకి రోజూ నీళ్లు పోయడమంటే దాన్ని కుళ్లబెట్టడమే.

పూలకాడ వచ్చినప్పుడు

గడ్డ మెడలో నుంచి ఏదో పచ్చగా తొంగి చూస్తే అది ఆకా, మొగ్గా అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. దగ్గరగా చూడండి. ఆకు పలచగా, కొస గుండ్రంగా నాలుక మాదిరి ఉంటుంది. మొగ్గ లావుగా ఉంటుంది, కొస సూదిగా ఉండి, దాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టుకుంటే లోపల ఏదో నిండుగా ఉన్నట్టు తగులుతుంది. చాలాసార్లు అది మధ్యలోంచి కాకుండా ఆకులకి ఓ పక్కనుంచి వస్తుంది. ఆ కాడ లోపల బోలుగా ఉంటుంది, రోజురోజుకీ పొడుగు తేలిపోతుంది, వెలుతురు వైపు వంగుతుంది కాబట్టి రెండు రోజులకోసారి కుండీ తిప్పాలి. నాలుగు పెద్ద పూలు ఒకేసారి విచ్చుకుంటే బరువుకి వాలిపోతుంది, ముందే ఒక వెదురు పుల్ల గడ్డకి తగలకుండా గుచ్చి వదులుగా కట్టండి.

పూలు విచ్చుకున్నాక కుండీని మధ్యాహ్నపు ఎండలోంచి తీసి వరండాలోకి మార్చితే పూలు ఎక్కువ రోజులు ఉంటాయి. మార్చి ఎండలో మేడ మీదే వదిలేస్తే రేకుల అంచులు మాడిపోతాయి. కోసి నీళ్లలో పెట్టుకోవాలనుకుంటే కాడ కింది కొసకి చుట్టూ టేపు వేయండి, లేకపోతే అది చీలి పైకి చుట్టుకుపోతుంది.

పూలు వాడగానే మొదలయ్యే అసలు పని

చాలామంది పూలు రాలాక కుండీని మూలకి నెట్టేస్తారు. వచ్చే ఏడాది పూలు పోయేది అక్కడే. వాడిన పూలని కింద ఆకుపచ్చ గుబ్బతో సహా గిల్లేయండి, లేదంటే గడ్డ తన బలమంతా విత్తనానికి పెడుతుంది. కాడని మాత్రం వెంటనే కోయొద్దు. అది పచ్చగా ఉన్నంతకాలం ఆకులాగే గడ్డకి ఆహారం తయారు చేస్తుంది. పసుపుపచ్చగా మారి మెత్తబడ్డాక గడ్డకి రెండు అంగుళాల పైన కోయండి.

ఇక్కడి నుంచి ఆకులే ముఖ్యం. పొద్దుటి ఎండ 4, 5 గంటలు పడాలి. ఏప్రిల్ నెలాఖరు నుంచి రోహిణి కార్తె పోయే దాకా మన ఊళ్లో 42, 44 డిగ్రీల ఎండ ఉంటుంది కదా, అప్పుడు మధ్యాహ్నం మేడ మీద గచ్చు కాలి పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడి కుండీ అడుగు నుంచి ఎక్కి వేర్లని ఉడికించేస్తుంది. కుండీలని ఇటుకల మీద ఎత్తి, తూర్పు గోడ వైపు చేర్చి, 50 శాతం గ్రీన్ నెట్ కింద పెట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ తడిపిన గోనెసంచి చుడితే మేలు. ఈ రోజుల్లో నీళ్లు సాయంత్రం చల్లబడ్డాక పోయాలి, టాంకులోంచి సలసలా వచ్చే నీళ్లు పోయకండి.

మృగశిర కార్తె దాటి వానలు మొదలవగానే మొక్క లేచి నిలబడుతుంది. అక్కడి నుంచి సెప్టెంబరు చివరి దాకా పదిహేను రోజులకోసారి ఎరువు ఇవ్వాలి. గుంటూరులో ఉన్నవాళ్లకి దీని కోసం ఎక్కడెక్కడో వెతికే పని లేదు, మిర్చి రైతులు డ్రిప్‌లో వదిలే నీటిలో కరిగే ఎరువులు ఏ ఎరువుల కొట్లోనైనా దొరుకుతాయి. జూన్, జూలైలో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమంగా ఉన్న 19:19:19, ఆగస్టు నుంచి పొటాష్ ఎక్కువున్న 13:0:45 గానీ 0:0:50 గానీ, ఏదైనా లీటరుకి 2 గ్రాములు దాటకుండా, తడి మట్టికే పోయాలి. రసాయనాలు ఇష్టం లేనివాళ్లు నెలకి ఒకసారి గుప్పెడు వర్మీకంపోస్టు, చెంచాడు ఎముకల పొడి వేసి మట్టి కొద్దిగా కదపండి. యూరియా మాత్రం వద్దు. ఆకులు బారెడు పొడుగు పెరుగుతాయి, గడ్డ ఊరదు, పూలు రావు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అలా కనిపిస్తే ఒకసారి వాన నీళ్లతో గానీ మంచినీళ్లతో గానీ అడుగు నుంచి ధారగా కారే దాకా కడగాలి.

ఆకులు వాలాయని, అందంగా లేవని ముడి వేయడం, కత్తిరించడం అసలు చేయొద్దు. ఒక్కో ఆకూ వచ్చే ఏడాది పూలకి పెట్టుబడి.

విశ్రాంతి ఇవ్వడం

చలి దేశాల్లో ఈ గడ్డలని 8 నుంచి 10 వారాలు 10–13 డిగ్రీల గదిలో ఎండబెట్టి ఉంచుతారు. మనకి ఆ చలి ఎక్కడిది? జనవరిలో తెల్లవారుజామున 18కి దిగితేనే స్వెటర్లు తీస్తాం. అందుకని మన దగ్గర చలి పని నీళ్లు ఆపడం చేయాలి. తుపాను వానలు తగ్గి కార్తీక మాసం నడుస్తుండగా, అంటే నవంబరు మధ్యలో, నీళ్లు పూర్తిగా ఆపేయండి. కుండీలని సన్‌షేడ్ కిందకో మెట్ల కిందకో వాన చినుకు పడని చోటికి మార్చండి. గాలి ఆడాలి. ఆకులు వాటంతటవే పసుపు తిరిగి వాలిపోతాయి, అప్పుడు తీసేయండి. కొన్ని మొక్కలు మన వెచ్చదనానికి డిసెంబరులో కూడా రెండు మూడు ఆకులు పచ్చగానే ఉంచుకుంటాయి. వాటిని బలవంతంగా కోయక్కర్లేదు, నీళ్లు ఇవ్వకపోతే చాలు.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని అడుగుతారు. నేనైతే పెట్టను. కూరగాయల అర కూడా ఈ గడ్డకి మరీ చల్లన. పైగా అదే ఫ్రిజ్‌లో ఆపిల్ పండ్లు ఉంటే వాటి నుంచి వచ్చే వాయువు లోపలి మొగ్గని చంపేస్తుంది. ఇంకో పెద్ద కారణం, ఈ గడ్డ విషం. లైకోరిన్ అనే పదార్థం ఉంటుంది, తింటే వాంతులు, విరేచనాలు. చూడటానికి పెద్ద ఉల్లిపాయలా ఉండే వస్తువుని వంటింట్లో పెట్టుకోవడం ఎందుకు? కుక్కపిల్ల ఉన్న ఇంట్లో, పశువులు తిరిగే పెరట్లో కూడా జాగ్రత్త.

సంక్రాంతి హడావుడి అయ్యాక, జనవరి చివరి వారంలో పైన రెండు అంగుళాల పాత మట్టి తీసి కొత్త మిశ్రమం వేసి, ఒకసారి నిండా నీళ్లు పోసి వెలుతురులో పెట్టండి. బాగా తిన్న గడ్డ అయితే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కాడ చూపిస్తుంది, అంటే శివరాత్రికీ ఉగాదికీ మధ్య. నేలలో ఉన్న పాత ఎర్ర రకానికి ఈ తతంగం అక్కర్లేదు, డిసెంబరు నుంచి దానివైపు నీళ్ల పైపు తిప్పకపోతే చాలు.

పాపీలియో అనే రకం ఒకటి ఉంది, లేత ఆకుపచ్చ రేకుల మీద మెరూన్ చారలతో సీతాకోకచిలుకలా ఉంటుంది, బ్రెజిల్ మొక్క. అది ఏడాది పొడుగునా ఆకులతో ఉంటుంది. దాన్ని ఇలా ఎండబెట్టకూడదు, చలికాలంలో నీళ్లు తగ్గించాలంతే.

పిలకలు విడదీయడం

గడ్డ చుట్టూ చిన్న పిలకలు మొలిచి కుండీ ఉబ్బినట్టు అయితే విడదీసే వేళ వచ్చినట్టు. జనవరిలో, విశ్రాంతి అయిపోయి నీళ్లు మొదలుపెట్టే ముందు చేయడం అన్నిటికన్నా మంచిది, మట్టి పొడిగా ఉంటుంది కాబట్టి వేర్లు తెగకుండా వస్తాయి. ఏటా చేయక్కర్లేదు, మూడేళ్లకోసారి చాలు. కొంచెం ఇరుగ్గా ఉంటేనే ఇవి బాగా పూస్తాయి.

కుండీని పక్కకి వాల్చి అంచు మీద తట్టి మొత్తం ముద్దగా బయటికి లాగండి. మట్టి చేత్తో రాల్చి, మిగిలింది నీళ్లతో కడగండి. ఇప్పుడు ప్రతి పిలకా తల్లి గడ్డకి ఎక్కడ అతుక్కుందో కనిపిస్తుంది, అడుగున వేర్లు పుట్టే గట్టి బిళ్ల దగ్గర. పిలకకి సొంత వేర్లు ఉండి, నిమ్మకాయంత అయ్యి ఉంటేనే తీయండి, అంతకన్నా చిన్నవాటిని తల్లి దగ్గరే ఇంకో ఏడాది ఉంచండి. తయారైన పిలకని బొటనవేలితో బయటికి వంచి మెల్లగా తిప్పితే టప్పుమని ఊడొస్తుంది. రాకపోతే పెనుగులాడకుండా కత్తితో, అడుగు బిళ్లలో ఒక ముక్క పిలకకి ఉండేలా కోయండి. ఆ బిళ్ల లేకపోతే వేరు పుట్టదు.

కత్తి గురించి గట్టిగా చెప్పాలి. ఒక గడ్డకీ ఇంకో గడ్డకీ మధ్య స్పిరిట్‌తో తుడవండి లేదా మంట మీద కాల్చి చల్లార్చండి. అమరిల్లిస్‌కి మొజాయిక్ వైరస్ అని ఒకటి వస్తుంది, ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ గళ్లు, చారలు పడతాయి. దానికి మందు లేదు, రసం అంటిన కత్తితోనూ, పేనుబంక పురుగులతోనూ ఒక గడ్డ నుంచి ఇంకో దానికి పాకుతుంది. అలాంటి మొక్క కనిపిస్తే కుండీతో సహా వదిలించుకోవడమే. గ్లవ్స్ వేసుకోండి, కోసిన చోట కారే జిగురు రసం కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తుంది.

కోసిన గాయాలకి సాఫ్ పొడి గానీ దాల్చినచెక్క పొడి గానీ అద్ది, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, పిలకలని 4 అంగుళాల కుండీల్లో నాటండి. ఈ పిలకలకి మొదటి రెండేళ్లు విశ్రాంతి వద్దు. పెద్దవాటితో పాటు వీటికీ నవంబరులో నీళ్లు ఆపేసి, పూయడం ఏడాది ఆలస్యం చేసుకుంటారు చాలామంది. పచ్చగా ఉన్నంతకాలం నీళ్లు, పలచగా ఎరువు ఇస్తూ ఉండాలి. పాత ఎర్ర రకం పిలకలు రెండేళ్లలో పూసేస్తాయి, హైబ్రిడ్లకి మూడేళ్లు పట్టొచ్చు.

పిలకలు పెట్టని హైబ్రిడ్లు కొన్ని ఉంటాయి. వాటికి గడ్డనే ముక్కలు కోసే పద్ధతి ఉంది, కానీ ఒక్కటే గడ్డ ఉంటే ఈ సాహసం చేయకండి. గడ్డ మెడ కోసేసి, నిలువునా 8 ముక్కలు చేయండి, ప్రతి ముక్కకీ అడుగు బిళ్లలో కొంత ఉండాలి. నిలువునా కోసినప్పుడు తెల్లటి పొరల మధ్య ఒక్కోచోట బియ్యపు గింజంత లేత పసుపు మొగ్గ కనిపిస్తుంది, రెండేళ్లలో పూయాల్సిన పూలు అవి. ముక్కలని మందు నీళ్లలో ముంచి ఆరబెట్టి, పిండితే చుక్క రానంత చెమ్మగా ఉన్న కోకోపీట్‌తో జిప్ కవర్లో వేసి, ఇంట్లో చీకటి అలమరలో పెట్టాలి. 20–25 డిగ్రీలు ఉంటే బాగుంటుంది, అందుకే మనకి డిసెంబరు, జనవరి తప్ప వేరే నెలలో ఇది కుదరదు, ఎండాకాలంలో మొత్తం బూజు పడుతుంది. రెండు మూడు నెలల్లో పొరల మధ్య బఠాణీ గింజంత గడ్డలు పుడతాయి. కుళ్లిన ముక్క కనిపిస్తే వారానికోసారి తీసేస్తూ ఉండండి.

పురుగులు, తెగుళ్లు

వానాకాలంలో ఆకులని ఒక్క రాత్రిలో మోడు చేసేది లిల్లీ గొంగళి పురుగు. నల్లటి ఒళ్లు, మీద తెల్ల, పసుపు చుక్కలు. దీని తల్లి రెక్కల పురుగు ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆకు పొరల్లోకి దూరి తింటాయి, తర్వాత మెడలోంచి గడ్డలోకే దిగుతాయి. జూలై నుంచి వారానికి రెండుసార్లు ఆకులు తిరగేసి చూడండి. కనిపించినవి ఏరేయండి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. ఎక్కువగా ఉంటే బీటీ పొడి (గొంగళి పురుగులని చంపే బ్యాక్టీరియా మందు) వాడొచ్చు. పొలం ఉన్న ఇళ్లలో మిర్చికి కొట్టగా మిగిలిన మందు సీసా ఉంటుంది కదా అని దాన్ని మేడ మీద కొట్టకండి, పిల్లలు తిరిగే చోటు అది.

పిండినల్లి పొరల సందుల్లో తెల్ల దూదిలా దాక్కుంటుంది. ఎండిన పై పొరలు ఊడదీసి స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి.

ఆకుల మీద, కాడ మీద ఎర్ర మచ్చలు, ఎర్ర గీతలు పడి అక్కడ కాడ వంకర తిరిగితే అది శిలీంధ్రం తెచ్చే ఎర్రమచ్చ తెగులు. ఆ ఆకు తీసేయండి, సాఫ్ కొట్టండి, పైనుంచి నీళ్లు చల్లడం మానండి. అయితే ఈ మొక్కకి ఎక్కడ గీసుకున్నా ఎర్రబారే గుణం ఉంది, గోరు తగిలినా గీత ఎర్రగా అవుతుంది. పాకకుండా ఉన్నచోటే ఉండే ఎర్ర గీతకి మందు అవసరం లేదు.

ఏప్రిల్ దాటినా కాడ రాకపోతే

టైలర్ టేపు పెట్టి గడ్డ చుట్టుకొలత చూడండి. హైబ్రిడ్ అయ్యుండి 20 సెంటీమీటర్ల లోపు ఉంటే దానికి ఇంకా వయసు రాలేదు, ఇంకో వానాకాలం బాగా తినిపించాలి. గడ్డ పెద్దదే అయితే పోయిన ఏడాది ఎన్ని ఆకులు వచ్చాయో గుర్తు చేసుకోండి. రెండు మూడే అయితే ఎండ తక్కువైంది, చోటు మార్చాలి. అపార్టుమెంటు బాల్కనీల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఆకులు బాగానే ఉండి, పొడుగ్గా మెత్తగా వాలి ఉంటే నత్రజని ఎక్కువైంది. అన్నీ బాగున్నా రాకపోతే ఏ తుపాను వానకో డిసెంబరులో కుండీ తడిసి విశ్రాంతి చెడి ఉంటుంది. ఈ ఏడాది దాన్ని కదపకండి, మట్టి మార్చకండి, వచ్చిన ఆకులకి సెప్టెంబరు చివరి దాకా ఎరువు, నవంబరు దాకా నీళ్లు మానకుండా ఇచ్చి పెంచి అప్పుడు గట్టిగా ఎండబెట్టండి.